నల్లగుండ్ల వాగులో జాతులెన్ని

గుండ్లపేట,
చెన్నూరు తాలూకా, ఆదిలాబాదు జిల్లా.
1959 జనవరి 9.

కరీంనగరంలో కుర్చీ దొరికిన అల్లుడు హనుమండ్లుకు, మేనత్త దేవవ్వ చెప్పి రాయిస్తున్న సంగతి.

నువ్వు బాగున్నావా అని అడగను. చేపల ఆఫీసులో నౌకరీ, నీడపట్టున కూర్చునే పని, బాగుండక ఏమవుతావు? నేను బాగున్నానా అని నువ్వూ అడగలేదు. మీ బాపు, అదే నా తమ్ముడు దశరథం, పోయి నాలుగేళ్ళయింది. అప్పటి నుంచి నీకు ఈ దిక్కున ఒక అత్త ఉన్న సంగతే యాదికి లేదు.

నాకు అక్షరం రాదు. మా పక్కింట్లో బట్టలు కుట్టే సక్కుబాయి రాస్తున్నది. నా మాటను బడి తెలుగులో పెడతానన్నది. పెట్టుకొమ్మన్నాను. ఎవరినన్నా తిడితే మాత్రం ఒక్క ముక్క తగ్గించవద్దన్నాను.

నిన్న ఊళ్ళో డప్పు వేశారు. నల్లగుండ్ల వాగు మీద, సరిగ్గా రాళ్ళ దగ్గర, అడ్డంగా కట్ట కడతారట. వాగును ఆపి చెరువు చేస్తారట. చావడి గోడకు కాగితం అంటించారు. సక్కుబాయి చదివింది. "ఈ వాగులో చేపలు ఒకే జాతి. కట్ట వలన నష్టము లేదు. చెరువు చేసి కొత్త పిల్లలను వదలవచ్చును." కింద మీ ఆఫీసు ముద్ర ఉన్నదట.

ఒకటా? పొద్దున మడుగులో వల వేసి ఒడ్డుకు గుంజితే నా కాళ్ళ ముందర పడేవే పది తీర్లు. తల బల్లపరుపుగా, నోరు చెంబంత ఉండే వాలుగ. ఎత్తు మూపు, పెద్ద తలకాయ బొచ్చె. మీసాల జెల్ల. నీళ్ళు ఇంకిపోయినా గాలి మింగి బురదలో బతికే మార్పు చేప. గడ్డిలో పాము తల పెట్టుకొని పొంచి ఉండే కొర్రమట్ట. ఇసుక రంగు పూసుకొని ఇసుకలో పడుకునే ఇసుకదొందు. ఎండకు పట్టి చూస్తే లోపలి ముల్లు కనపడే చందమామ. ఇవన్నీ మీకు ఒకటేనా? పిల్లను చూడటానికి పోయినప్పుడు ఇంట్లో ఉన్న ముసలిదీ పడుచుదీ ఒకటే అని రాసుకొని వచ్చేవాడివేమో, అందుకే నీకింకా లగ్గం కాలేదు.

మీ ఇన్‌స్పెక్టరు ఒకడు దసరా ముందర వచ్చాడు. తళతళలాడే బూట్లతో ఒడ్డున నిలబడ్డాడు. నీళ్ళలో వేలు పెట్టలేదు. ఎవరినో ఏదో అడిగాడు, రాసుకున్నాడు, పోయాడు. అదీ మీ చదువు.

వాగు పారితేనే మేము ఉంటాము. నిలిచిన నీళ్ళకు గుత్తేదారు వస్తాడు, కావలి వస్తుంది, నా వల గోడకు వేలాడుతుంది. ఆఫీసులో ఉన్నావు కదా, ఆ ఒకటిని కొట్టేయించు. అది కూడా చేతగాకపోతే మీ బాపు నీకు బడి ఫీజు కట్టడం దండగ.

దేవవ్వ

&nbsp;

కరీంనగరము,
24-1-1959.

పూజ్యురాలైన మేనత్త దేవవ్వ గారికి, అల్లుడు హనుమండ్లు నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరము అందినది. ఆఫీసు విలాసమునకు పంపుట వలన నాకంటె ముందుగా మరి ముగ్గురు చదివినారు. ఇక మీదట ఇంటికి వ్రాయించగలరు.

మీ ఆవేదన నేను గ్రహించితిని. కాని కొన్ని విషయములు తమరికి తెలియవు. చేప ఆకారమును చూచి రకము నిర్ణయించుట సరికాదు. సన్నముగా, పొట్టిగా ఉన్నవి చాల వరకు పెద్ద చేపల పిల్లలే. రాళ్ళ నడుమ తిరుగు వేలెడంత చేపలు కూడ అట్టివే యని ఇన్‌స్పెక్టరు గారి అభిప్రాయము. అవి చెరువులో వదిలిన యెడల చక్కగా బలియును. చెరువు వలన గుండ్లపేట వారికి ఏడాది పొడుగునా చేప దొరకును.

ఇన్‌స్పెక్టరు గారు ఎవరినో ఏదో అడిగి పోలేదు. ఆ స్థలములో అనుభవము గల వారి వాంగ్మూలము తీసుకొనియే వ్రాసినారు. అంతకు మించి నేను చెప్పుట భావ్యము కాదు.

ఏప్రిలు 11వ తేదీన చెన్నూరులో తహసీల్‌దారు గారు విచారణ జరుపుదురు. అభ్యంతరము ఉన్నవారు తగిన సాక్ష్యము చూపవలెను. తిట్లు సాక్ష్యము క్రిందికి రావు.

మీ ఆరోగ్యము జాగ్రత్త.

విధేయుడు,
హనుమండ్లు

&nbsp;

గుండ్లపేట,
1959 ఫిబ్రవరి 6.

విధేయుడైన అల్లుడికి దేవవ్వ చెప్పేది.

"భావ్యము" అంటే ఏమిటని సక్కుబాయిని అడిగాను. ఆమెకూ సరిగ్గా తెలియదు. తెలియని మాటలు రాసేవాడు తెలియని చేపల సంగతి కూడా రాస్తాడు, అందులో వింత లేదు.

నువ్వు మానేరు పక్కన చెరువు గట్టు మీద పెరిగావు. నీకు నీళ్ళంటే కుండలో పోసినట్టు కదలకుండా ఉండేవి. పారే నీళ్ళు ఏం చేస్తాయో చెపుతా, విను. ఎదురుగాలిలో చాట పట్టుకొని నడిచి చూడు. చాటతో పాటు నువ్వు కూడా వెనక్కు పోతావు. వెడల్పు ఒళ్ళున్న బొచ్చె రాళ్ళ నడుమ దూకుడు నీళ్ళలోకి పోతే దాని గతి అదే. అక్కడ కదురు తీరుగా రెండు కొసలూ సన్నగా ఉన్నదే ఎదురీదుతుంది. మడుగులో ఉరుకే పని లేదు, తిరిగే పని ఉంటుంది. అక్కడ ఎత్తు ఒళ్ళే అక్కరకు వస్తుంది. అడుగున మేసేదానికి పొట్ట చదునుగా, నోరు కిందికి. పైన పురుగును అందుకునేదానికి వీపు చదునుగా, నోరు మీదికి. మడుగు అడుగున బండ సందులో దూరే పాపెర చేపకు ఒళ్ళంతా తాడే.

ఒక్క సంగతి ఒప్పుకుంటాను, నీ కుర్చీకి భయపడి కాదు. ఒకే పరక చేప మడుగులో పెరిగితే అరచెయ్యంత వెడల్పు అవుతుంది, పారే నీళ్ళలో పెరిగితే రెండు వేళ్ళంతే. రెండూ పరకలే. పొలుసు చూసి, నోరు చూసి పరక అంటాము. మేము నడుము చూసి పేరు పెట్టము. నడుము చూసి నీళ్ళ సంగతి చెపుతాము. మా ఊరివాళ్ళు వేములవాడ జాతరలో నిన్ను చూశారట, అంగీ గుండీలు అందుకోవడం లేదట. నిలువ నీళ్ళు నీకు చేసిన ఒళ్ళు అది.

సాక్ష్యం కావాలన్నావు. మా కులపెద్ద పర్శరాములు కరీంనగరం వస్తున్నాడు. అతని చేత గంపెడు ఎండుచేపలు పంపుతున్నాను. తీరుకొకటి దారానికి కట్టాను. మీ ఇన్‌స్పెక్టరు ముందర పెట్టి, ఇవన్నీ దేని పిల్లలో, ఏది ఎవరి కొడుకో అడుగు.

దేవవ్వ

&nbsp;

కరీంనగరము,
28-2-1959.

మేనత్త గారికి నమస్కారములు.

గంప చేరినది. పర్శరాములు గారు దానిని పెద్ద సారు గారి బల్ల మీదనే పెట్టి విప్పినారు. రెండు దినములు ఆఫీసులో ఎవరును అన్నము తినలేదు. ఇది మొదటి విషయము.

రెండవది. పెద్ద సారు గారు ముక్కుకు రుమాలు కట్టుకొని స్వయముగా చూచినారు. పధ్నాలుగు వేరు వేరు రకములు అని ఒప్పుకొనినారు. ఒకటి యని వ్రాయుట తప్పే యన్నారు. నేను సంతోషించుచుండగా వారు నవ్వి ఇట్లనిరి: "ఇవన్నీ మడుగు చేపలే కదయ్యా. రేపు చెరువైతే ఇంకా హాయిగా బతుకుతాయి. మీ అత్తగారు కట్ట కట్టండి అని సిఫారసు పంపింది."

కట్ట వచ్చునది రాళ్ళ మీద. మునుగునవి రాళ్ళు. అత్తా, రాళ్ళలోని చేప ఒక్కటియు మీ గంపలో లేదు. ఎందుకు లేదు?

మూడవది వ్రాయకూడదనుకొంటిని. మీరు నన్ను, ఇన్‌స్పెక్టరును, చివరకు మా బాపు కట్టిన బడి ఫీజును కూడ తిట్టితిరి కనుక వ్రాయుచున్నాను. వాంగ్మూలము నా దగ్గర ఉన్నది. ప్రశ్న: ఈ వాగులో ఎన్ని జాతులు ఉన్నవి? జవాబు: ఒకటే జాతి. చెప్పినవారు: దేవవ్వ, భర్త కీర్తిశేషులు గంగయ్య, గుండ్లపేట. ఎడమచేతి బొటనవ్రేలి నిశాని.

ఆ నిశాని మీది కాదా?

హనుమండ్లు

&nbsp;

గుండ్లపేట,
1959 మార్చి 6.

హనుమండ్లూ,

నాదే.

మీ ఇన్‌స్పెక్టరు కోస్తా దిక్కువాడు. "ఏమండీ, ఈ వాగులో ఎన్ని జాతులున్నాయండీ?" అన్నాడు. చేపల్లో మాకు తీర్లుంటాయి, రకాలుంటాయి. జాతులంటే మనుషులవే. పక్కన పర్శరాములు, మా కులపోళ్ళందరూ నిలబడి ఉన్నారు. వాగు మీద హక్కు ఎవరిదో రాసుకోవడానికి వచ్చాడనుకున్నాము. పర్శరాములు నోరు తెరవకముందే నేను ముందుకు దూకాను. "ఒకటే జాతి సారూ. మేమే!" అన్నాను. వేలు కూడా అందరికంటే ముందు నేనే పెట్టాను. సిరా అంటిన వేలును కడుక్కోకుండా ఊరంతా చూపించుకున్నాను.

మరి "మేమే" అన్న మాట ఏమైంది? బెస్తోళ్ళం మేము చేపలమా?

గోడ మీది కాగితం సక్కుబాయి చదివిన నిమిషంలోనే నాకు అర్థమైంది. అర్థమయ్యే నిన్ను తిట్టాను. తిట్టవలసిన వాళ్ళలో మొదటిది నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు చెప్పాను. మళ్ళీ అడగకు.

రాళ్ళ చేపలు నా గంపలో లేవంటే, నా వల రాళ్ళలో పడదు. చిరుగుతుంది. అంతే.

దేవవ్వ

&nbsp;

కరీంనగరము,
15-3-1959.

అత్తా,

ఈ ఉత్తరము ఇంటి నుండి వ్రాయుచున్నాను.

"మేమే" ఏమైనదని అడిగితివి. ఇన్‌స్పెక్టరు గారి చిత్తు కాగితములో అది ఉన్నది. "ఒకటే జాతి, మేమే" అని ఉన్నది. దానిని మంచి ప్రతిగా వ్రాసినది నేను. బెస్త ఇంట పుట్టినవాడను, ఆ మాట చదవగానే మీరు దేనికి జవాబు చెప్పితిరో నాకు తెలిసినది. చేపల పత్రములో మనుషుల సంగతి ఎందుకని "మేమే" మీద గీత పెట్టితిని. మిగిలినది "ఒకటే జాతి". పై అధికారికి చెప్పవలసినది. పని పెరుగునని చెప్పలేదు. నా తప్పు ఇది.

ఇప్పుడు చేయవలసినది ఒక్కటే. రాళ్ళలో బతుకు చేపలు, నిలువ నీటిలో బతకనివి, ప్రాణముతో విచారణకు తీసుకొని రావలెను. ఎండబెట్టినవి వద్దు. అవి పెద్ద చేపల పిల్లలు కావని కూడ చూపవలెను. నీ వల పడదంటివి. రాళ్ళలో ఎవరు పడతారో వారిని వెంట తీసుకొని రా. ఎవరో ఒకరు పడుతుందురు కదా?

హనుమండ్లు

&nbsp;

గుండ్లపేట,
1959 మార్చి 27.

గీతల హనుమండ్లుకు దేవవ్వ చెప్పేది.

ఒక గీతతో వాగును ముంచినవాడివి నువ్వే. నిన్ను ఏమనాలో రెండు దినాలు ఆలోచించాను. సక్కుబాయి అవి రాయనని సూది పట్టుకొని కూర్చున్నది. పోనీ. ఆ రెండు దినాలు నన్ను నేను అనుకున్న మాటలు కూడా రాయనన్నది.

రాళ్ళలో ఎవరు పడతారని అడిగావు. నువ్వు అడగకపోతే బాగుండేది. నాయకపోళ్ళు పడతారు. వాగుకు అవతలి ఒడ్డున వాళ్ళవి పన్నెండు గుడిసెలు. గడ్డి ఒడ్డున తెనుగు కులపోళ్ళు గాలాలు వేస్తారు. నేను పుట్టక ముందు నుంచీ వేస్తున్నారు. "ఒకటే జాతి" అని కళ్ళ ఎదురుగా ఉన్నవాళ్ళను లేకుండా చేసినదాన్ని నేను. ఇది నా రెండో అబద్ధం. నీకు ఒకటే దొరికింది.

నాయకపోళ్ళ యాదవ్వ దగ్గరికి పోయాను. నా ఈడుదే. మోకాలి లోతు దూకుడు నీళ్ళలో నిలబడి, బండ సందుకు వెదురు బుట్ట ఆనించి, కాలితో రాయి కదుపుతున్నది. తల తిప్పకుండానే అన్నది:

"ఎవరు? ఒకటే జాతి దేవవ్వనా?"

"రాళ్ళ చేపలు గావాలె," అన్నాను.

"గీ వాగుల మేం లేమంటివట గద. లేనోళ్ళను అడుగుతరా ఎవలన్న?"

"కట్ట కడితే నువ్వు గూడ మునుగుతవే యాదవ్వా."

"నేను మునుగుతనని నీకు ఫికర్! గిదొక అబద్ధం. ఇంకేమన్న ఉంటే అన్నీ ఒక్కసారే జెప్పు, చేతులు తిమ్మిరెక్కుతున్నయి."

ఇట్లాంటి మాటలు నేను ఒకరిని అంటానే గాని ఎన్నడూ పడలేదు. తిరిగి పోదామనుకున్నాను. రాళ్ళ మీద నా కాలు జారింది, కూలబడ్డాను. ఆమె లేపలేదు. బుట్ట తెచ్చి నా ఒళ్ళో కుమ్మరించింది.

వేలెడంత చేపలు. "గివి పెద్ద రౌట చేప పిల్లలు గాదా?" అన్నాను. నోరు జారింది, నీ ఇన్‌స్పెక్టరు మాటే నా నోట్లో నుంచి వచ్చింది. యాదవ్వ ఒకదాన్ని తీసి పొట్ట మీద రెండు వేళ్ళతో ఒత్తింది. గుడ్లు బయటికి వచ్చాయి.

"పిల్లకు కడుపైతదా దేవవ్వా? మీ మడుగుల అయితదేమో, మా దిక్కు గాదు."

దాన్ని వాళ్ళు రాయినాకుడు అంటారు. నోరు గదుమ కిందికి, గడ్డం అడుగున ఉంటుంది, దాని వెనక బిళ్ళంత చదును. ఆ బిళ్ళతో బండకు అతుక్కొని పాచిని నాకుతుంది. మీద నుంచి నీళ్ళు ఎంత కొట్టినా వదలదు. ఇంకొకటి మీసాల చేప, దానికి రొమ్ము మీద మడతలు, ఆ మడతలతో పట్టుకుంటుంది. ఇంకొకటి పుల్లంత సన్నం, గులకరాళ్ళ సందుల్లో దారం తీరుగా పోతుంది. నిలిచిన నీళ్ళు పోసిన కుండలో వీటిని వేస్తే పూట కూడా ఆగవట. ఘడియ ఘడియకూ పారే నీళ్ళు మార్చాలట. తొమ్మిది తీర్లు చూపించింది. తొమ్మిదీ నేను ఎరగనివే. నా మడుగుకు ఇరవై బారల దూరంలో, నా పెండ్లి నాటి నుంచీ ఉన్నవి.

మడుగే వాగనుకున్నాను. కుర్చీలో కూర్చోకుండానే నీ ఇన్‌స్పెక్టరును నేను.

యాదవ్వ ఒక్క షరతు పెట్టింది. "నీ నోటితోని అన్నవు, నీ నోటితోనే అందరి ముందట ఎనుకకు తియ్యి. అప్పుడు కుండ ఎత్తుకొని వస్త. తియ్యకుంటే రాను. రాళ్ళు మునగనీ, నిన్ను దిట్టుకుంట మునుగుత."

దేవవ్వ

&nbsp;

కరీంనగరం,
1959 ఏప్రిల్ 4.

అత్తా,

తొందరలో రాస్తున్నాను. ఆఫీసు భాష ఇప్పుడు చేతికి రావడం లేదు.

పర్శరాములు మామ మళ్ళీ వచ్చాడు. గుండ్లపేట బెస్తవాళ్ళు సంఘం పెట్టుకున్నారట. చెరువు కాగానే చేపల హక్కు తమకే ఇవ్వాలని అర్జీ ఇచ్చాడు. వాగులో చేపలు పట్టేది మా ఒక్క జాతే అని రాశాడు. దానికి సాక్ష్యంగా నీ నిశానినే చూపించాడు. అదే కాగితం, అదే వేలు. చేపలకు తప్పు, మనుషులకు ఒప్పు అంటున్నాడు. పెద్ద సారు తల ఊపాడు.

అంటే గుత్తేదారు రాడు అత్తా. నీ వల గోడకు వేలాడదు. చెరువు మనవాళ్ళకే వస్తుంది. నువ్వు నోరు మూసుకొని ఉంటే చాలు.

నువ్వు ఆ మాట వెనక్కు తీసుకుంటే సంఘం అర్జీ పోతుంది. కులపోళ్ళు నిన్ను వదలరు. మామ ఇక్కడ నా ముందరే అన్నాడు, "మా వదినె గిట్ల మాట తప్పితే మడుగుల ఆమె వల పడదు" అని. నా సంగతి కూడా ఉంది. గీత ఎవరు పెట్టారని అడుగుతారు.

చేపల లెక్క వరకు నేను సరిచేయిస్తాను. ఇరవై అయినా ముప్పై అయినా రాయిస్తాను. మనుషుల ఊసు మాత్రం ఎత్తకు. యాదవ్వను వేరే తీరుగా ఒప్పించుకో. చెరువు చేప కూడా చేపే కదా. ఊకో అత్తా, ఈ ఒక్కసారి ఊకో.

నీ అల్లుడు,
హనుమండ్లు

&nbsp;

గుండ్లపేట,
1959 ఏప్రిల్ 14.

హనుమండ్లుకు దేవవ్వ చెప్పేది.

కట్ట రాళ్ళ మీద కట్టరు. ముందు ఆ మాట చెప్పాను, ఇక నిమ్మళంగా చదువు. ఊరి వెనక ఎండిపోయిన కుంట ఉన్నది కదా, చెరువు అక్కడ చేసుకొమ్మన్నారు. మీ పిల్లలను దాంట్లో వదులుకోండి. ఎంత లావైతే అంత లావు కానీయండి.

ఊకొమ్మని రాశావు. నాకు డెబ్బై ఏండ్లు దగ్గర పడ్డాయి. ఇన్నేండ్లలో ఊకొమ్మని నాతో అన్నవాళ్ళు నలుగురు. ముగ్గురు చచ్చారు. నువ్వు బతికి ఉన్నావు కాబట్టి జాగ్రత్తగా ఉండు.

విచారణ చెన్నూరు కచేరీ ముందర పందిట్లో జరిగింది. తహసీల్‌దారు పాత కాలపు మనిషి, ఉర్దూ కలిపి మాట్లాడతాడు. వాంగ్మూలం చదివించి, "క్యా అమ్మా, గీ నిశాని నీదేనా?" అన్నాడు.

"నాదే. మాట గూడ నాదే. రెండు దిక్కుల అబద్ధం," అన్నాను.

పర్శరాములు లేచాడు. "సారూ, మా వదినెకు ఈడు మీద పడ్డది. మతి తప్పింది."

"మతి ఆ దినం తప్పింది పర్శరామా. నువ్వు నా పక్కనే ఉండి మురిసినవు. అప్పుడెందుకు జెప్పలే మతి తప్పిందని?"

పందిట్లో నవ్వారు. మా వాళ్ళు నవ్వలేదు. అప్పుడు అందరు వినేటట్టు చెప్పాను. మడుగులో వల మాది. రాళ్ళలో బుట్ట నాయకపోళ్ళది. గడ్డి ఒడ్డున గాలం తెనుగోళ్ళది. ఎవరి నీళ్ళకు తగ్గ పనిముట్టు వాళ్ళది, ఎవరి చేప వాళ్ళకే తెలుసు. వీళ్ళు లేరని నేను అన్నది ఆశకు పోయి అన్నది. చెప్పాక నీళ్ళు అడిగాను. ఎవరూ ఇయ్యలేదు.

మీ ఇన్‌స్పెక్టరు కూడా వచ్చాడు, అవే బూట్లు. "ఆ చిన్నవన్నీ పిల్లలేనండీ" అని మళ్ళీ అందుకున్నాడు. పందిరి వెనక నుంచి యాదవ్వ కుండ ఎత్తుకొని వచ్చింది. పొద్దటి నుంచి నీళ్ళు మార్చుకుంటూ అక్కడే ఉన్నదట, నేను మాట తీస్తానో తియ్యనో వింటూ. ఇత్తడి పళ్ళెం అడిగింది. దాంట్లో నీళ్ళు పోసి రాయినాకుణ్ణి వదిలింది. అది పళ్ళేనికి అతుక్కున్నది. యాదవ్వ పళ్ళేన్ని బోర్లించింది. నీళ్ళన్నీ తహసీల్‌దారు కాగితాల మీద పడ్డాయి. చేప పడలేదు. తలకిందులుగా పళ్ళేనికి పట్టుకొని ఉన్నది.

"నీ చెరువుల రౌట పిల్లను గిట్ల అతికియ్యి సారూ, చూస్త," అన్నది ఇన్‌స్పెక్టరుతో. తరువాత ఇంకొకదాని పొట్ట ఒత్తి గుడ్లు చూపించింది. ఆయన రుమాలు తీసుకొని చెమట తుడుచుకున్నాడు. తహసీల్‌దారు కాగితాలు దులుపుకొని, "దీన్ని పళ్ళెంల నుంచి ఎట్ల తీస్తరు?" అని యాదవ్వను అడిగాడు. అంతమంది ఆఫీసర్లలో ఆ ఒక్కడికే తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది.

ఇంకొకటి. తహసీల్‌దారు చేతిలో ఒక చిత్తు కాగితం ఉన్నది. "మేమే" అన్న మాట, దాని మీద గీత. పక్కన కొత్త సిరాతో "ఈ గీత నేను పెట్టినది" అని రాసి సంతకం ఉన్నదట. టపాలో వచ్చిందన్నారు. నన్ను ఊకొమ్మని రాసి, ఆ చేత్తోనే అది పంపావు. నిన్ను రెండు దినాలు తిట్టినవాటిలో ఒక దినానివి వెనక్కు తీసుకుంటున్నాను. రెండో దినానివి ఉంచుకో. నౌకరీ పోయిందో ఉన్నదో రాయి.

సంఘం అర్జీ కొట్టేశారు. కులపోళ్ళు కూర్చొని తీర్పు చెప్పారు, బతుకమ్మ పండుగ దాకా మడుగులో నా వల పడకూడదట. నా ఎదురుగానే పర్శరాములు నా వల చుట్టి చావడిలో పెట్టాడు. వాడి చిన్నప్పుడు ఆ వల కొస పట్టుకోవడం నేర్పింది నేను. పట్టుకోవడం ఇప్పటికీ రాలేదు, ముడి తప్పు వేశాడు. చెప్పలేదు, విప్పుకునేటప్పుడు వాడికే తెలుస్తుంది.

విచారణ చివర తహసీల్‌దారు గుమాస్తా కొత్త వాంగ్మూలం రాశాడు.

"చేపలు ఎన్ని రకాలు?"

"మడుగులయి పధ్నాలుగు. రాళ్ళలయి తొమ్మిది. తెనుగోళ్ళు జెప్పిన గడ్డిలయి ఇంకో నాలుగు. ఇరవై ఏడు."

"పట్టేటోళ్ళు?"

"మూడు జాతులు," అన్నాను. ఈసారి చేపల సంగతా, మనుషుల సంగతా అని రెండుసార్లు అడిగి తెలుసుకొని చెప్పాను.

"మంచిది. వేలు వెట్టు."

సిరా డబ్బా నా ముందుకు జరిపాడు. నేను చెయ్యి వెనక్కు పెట్టుకున్నాను.

"ఆగు. మాకు తెలువనియి గూడ వాగుల ఉన్నయని రాయి."

"తెలువనియి ఎట్ల రాస్తరమ్మా? గీ కాగితంల దానికి గడి లేదు."

"గీసుకో," అన్నాను.

వాడు తహసీల్‌దారు దిక్కు చూశాడు. ఆయన యాదవ్వ పళ్ళెం దిక్కు చూస్తున్నాడు. యాదవ్వ కుండ దించుకొని వచ్చి, నా పక్కన, నాకు తగలకుండా కొంచెం దూరంగా కూర్చున్నది. గుమాస్తా కసురుకుంటూ రూళ్ళకర్ర కోసం పెట్టె వెతకడం మొదలుపెట్టాడు. మేము ఇద్దరం కూర్చొనే ఉన్నాము.

దేవవ్వ